పడకకుర్చీ ఎవరి పేరున? – షార్లోత్ పెరియాన్ ప్రదర్శనపై మా అభిప్రాయం

పారిస్ నగరంలో లూయీ వితోన్ ఫౌండేషన్ వారు 2019 అక్టోబరు నుండి 2020 ఫిబ్రవరి వరకు షార్లోత్ పెరియాన్ (1903–1999) కృషిపై పెద్ద ప్రదర్శన జరిపారు. ఆమె మరణించి ఇరవై ఏళ్ళు నిండిన సందర్భమది. అంత పెద్ద భవనాన్ని ఒక్క స్త్రీ కృషి చుట్టూ అలంకరించడం హర్షించదగిన విషయం. అయితే అది మెచ్చుకొని ఊరుకోదగిన ప్రదర్శన కాదని మా అభిప్రాయం.

పెరియాన్ తండ్రి దర్జీ. తల్లి కుట్టుపని చేసేది. 1927లో ఆమె లే కార్బూజియే కార్యాలయానికి పని కోసం వెళ్ళింది. దిండ్లకు అల్లికలు వేసేవారు తమకు అక్కరలేదన్నట్టు ఆయన తిప్పి పంపాడు. ఆ ఏడాదే శరత్కాల ప్రదర్శనలో ఆమె నికెలు పూత, అల్యూమినియములతో అమర్చిన గదిని చూసి ఆయనే పిలిచి పని ఇచ్చాడు. పదేళ్ళు అక్కడ పనిచేసింది.

ఉక్కు గొట్టాల మీద అమర్చిన పేరుపొందిన పడకకుర్చీని 1928లో లే కార్బూజియే, పియర్ జన్నరే, పెరియాన్ ముగ్గురూ కలిసి రూపొందించారు. 1965 తరువాత ఒక ఇటలీ కంపెనీ దానిని లే కార్బూజియే పేరులోని పొడి అక్షరాలతోనే అమ్మింది. లోకం కూడా అది ఆయనదే అనుకున్నది. ఆ కుర్చీపై పడుకున్న పెరియాన్ ఫోటో అందరికీ తెలిసినదే. అందులో ఆమె ముఖం గోడవైపు తిరిగి ఉంటుంది. ఈ ప్రదర్శన ఆ ముఖాన్ని మనవైపు తిప్పింది. 1929 నాటి ఇంటి గదులను మళ్ళీ నిర్మించి, చూపరులు లోపల నడిచేటట్టు చేయడం నిర్వాహకుల గొప్ప పని. 1940లో జపాను ప్రభుత్వ సలహాదారుగా వెళ్ళిన ఆమె, అదే పడకకుర్చీని అక్కడి వెదురుతో తిరిగి చేసింది. పరదేశపు పనివారి చేతిపనిని గౌరవించి నేర్చుకున్న తీరు అందులో కనబడుతుంది.

ఇక మా ఆక్షేపణలు. పికాసో, లెజే వంటి వారి చిత్రాలను ఆమె వస్తువుల పక్కన విరివిగా పెట్టారు. స్నేహాలను చూపడం మంచిదే గాని, కొన్నిచోట్ల ఆమె బల్లలు ఆ చిత్రాలకు పీటలుగా మిగిలాయి. రెండవది ఇంకా ముఖ్యమైనది. 1934లో ఆమె సామాన్యుల సెలవుల కోసం తక్కువ ఖర్చుతో నీటి ఒడ్డు ఇంటిని ఊహించింది. ఆమె జీవితకాలంలో ఎవరూ దానిని కట్టలేదు. 2013లో ఒక విలాస వస్తువుల కంపెనీ కట్టించింది! 1936లో పారిస్ పేదల ఇక్కట్లపై ఆమె గోడంత ఫోటోచిత్రం చేసిన సంగతి తెలిసినవారికి ఇది చురుక్కుమనక మానదు.

మార్సెయ్ నగరంలో 1952లో పూర్తయిన నివాస భవనానికి ఆమె రూపొందించిన వంటిల్లు మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. వంటింటికీ కూర్చునే గదికీ మధ్య గోడ తీసి, అరల గట్టు పెట్టింది. వండే ఆడది ఇంటివారి మాటలకు దూరం కాకూడదని ఆమె ఉద్దేశం. ఎస్టేటు క్యాంపులలో ఇరుకు గదుల ముందు పొయ్యి రాజేసి, తెల్లవారకుండానే చెరకు తోటకు నడిచిన మా ముత్తవ్వల సంతతికి, ఇల్లు ఎవరి సుఖం కోసం కడతారన్న ప్రశ్న కొత్తది కాదు.

పేరు సంగతి కూడా అంతే. మన గుడులకు, బడులకు, సభలకు చరిత్రలు రాసేటప్పుడు అధ్యక్ష కార్యదర్శుల పేర్లు వరుసగా వేస్తున్నాము. బియ్యం పోగుచేసినవారు, పిల్లలకు అక్షరాలు దిద్దించినవారు, పండుగనాడు వందలమందికి వండిపెట్టినవారు ఏ పుటలోనూ లేరు. వారిని ఎరిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉండగానే ఆ పేర్లు అడిగి రాసుకోవాలని పాఠకులను కోరుతున్నాము.