పంచాయితీ ముగిసేదాకా ఇంజిన్ ఆన్‌లోనే

వడ్డహళ్ళి మార్కెట్‌కు టమాటా జోరుగా వచ్చే రోజుల్లో ముళబాగిలు చుట్టుపక్కల కార్లకు తగిలే దెబ్బ ఒకే రకంగా ఉంటుంది. ముందు పోయే లారీ ఉన్నట్టుండి బ్రేకు వేస్తుంది. వెనక కారు ముక్కు దాని కిందికి దూరుతుంది. దెబ్బ కాయడానికని కారు బంపరు లోపల ఇనుప దూలం ఒకటి పెడతారు గానీ, లారీ వెనక భాగం అంతకన్నా ఎత్తులో ఉంటుంది. దాంతో బానెట్టు మడతపడి, దెబ్బంతా ఏసీ కండెన్సరుకూ దాని వెనకున్న రేడియేటరుకూ చేరుతుంది. ఒక్కోసారి బంపరు మీద గీత కూడా ఉండదు.

ఆ తర్వాత రోడ్డు మీద పంచాయితీ మొదలవుతుంది. తెలుగులో ఎత్తుకుని కన్నడంలోకి దిగి, కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ మనిషి ఎవరైనా కలిస్తే తమిళంలోకీ మళ్ళుతుంది. తప్పెవరిది, ఎంతిస్తావు అన్న మాటలు తెగవు. ఈలోపు కారులో పిల్లలున్నారని ఏసీ ఆపరు. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. కింద నీళ్ళు కారుతుంటే ‘ఏసీ నీళ్ళులే’ అని ఎవరో తీర్పు చెప్పేస్తారు. ఏసీ నీళ్ళకు రంగుండదు. పచ్చగానో ఎర్రగానో ఉండి, వేలికి జిడ్డుగా తగిలితే అది కూలెంటు.

కార్లు బాగుచేసే షెడ్డులో బెంచీ మీద కూర్చుని చూడడం నాకు పాత అలవాటు. అక్కడ తరచూ వినబడే మాట: ‘ఏమీ కాలేదన్నా, హైవే నుంచి ఇక్కడ ఆవని దాకా బాగానే వచ్చింది.’ దానికి మా మేస్త్రి జవాబు: ‘రావడమే తప్పు సార్.’

ఆయన మాటలో నిజముంది. కూలెంటు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉండేది మూత బిగించి పెట్టిన ఒత్తిడి వల్ల. రేడియేటరుకు చిల్లు పడితే ఆ ఒత్తిడి పోతుంది, నీళ్ళు పోతాయి. ఇంకా మోసం చేసేది వేడి చూపే ముల్లు. టెంపరేచర్ సెన్సారు నీళ్ళలో మునిగి ఉన్నంతసేపే సరిగ్గా చెబుతుంది. నీళ్ళు దిగిపోయి దాని చుట్టూ ఖాళీ మిగిలితే, లోపల ఇంజిన్ హెడ్డు కాలిపోతున్నా ముల్లు ఎక్కకుండా ఉండొచ్చు, కిందికి దిగనూ వచ్చు. డ్రైవరు చల్లబడిందనుకుని స్పీడు పెంచుతాడు.

చాలా ఇంజిన్లలో హెడ్డు అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. అదే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. బోల్టులు బిగించి ఉన్నాయి కనుక సాగడానికి చోటు లేక వంగుతుంది. గ్యాస్కెట్ పోతుంది, నీళ్ళు ఆయిల్లో కలుస్తాయి, డిప్‌స్టిక్ తీస్తే పాల టీ రంగు. హెడ్డు దించి స్టీలు పట్టీ ఆనించి, సందులో ఫీలర్ గేజి దూర్చి చూస్తారు. కొన్ని చిన్న కార్లకు 0.05 మిల్లీమీటరు దాటితే ఫేసింగ్‌కు పంపాల్సిందే. నోటుబుక్కు కాగితం మందంలో సగం అది. ఆ సందు కొలిచే చేతివాటం మా వైపుకు కేజీఎఫ్ నుంచి వచ్చిందని నా నమ్మకం. నూరేళ్ళకు పైగా గనుల పంపులూ లిఫ్టులూ నడిపిన ఊరు, 1964లో మొదలైన బెమెల్‌లో బుల్డోజర్లు చేసే ఊరు. గనులు 2001లో మూతపడ్డాయి. చేతి పని మూతపడలేదు.

ఇక డబ్బు. రేడియేటరు మార్చడం వేలల్లో తేలే పని. ఇంజిన్ దించితే లక్ష వైపు చూడాలి. ఆ తేడా భరించాల్సింది ఎక్కువగా కారు యజమానే. దెబ్బ తగిలాక రిపేరు చేయించకుండా నడిపితే, దానివల్ల పెరిగిన నష్టం నీదేనని మామూలు మోటారు పాలసీలోనే రాసి ఉంటుంది. అందుకే బీమా సర్వేయరు బానెట్టు ఎత్తగానే అడిగేది, దెబ్బ తగిలాక ఎంత దూరం నడిపారని. రేడియేటరు ఒప్పుకుంటాడు, హెడ్డు దగ్గర ఆగుతాడు. నాకు అతని మీద కోపం లేదు.

ఒప్పుకున్నదాంట్లోనూ కోత ఉంటుంది. కారుకు నాలుగేళ్ళు దాటి అయిదు నిండలేదనుకోండి. ఇనుప సామానుకు 35 శాతం, ప్లాస్టిక్కూ రబ్బరూ అయితే సగం తరుగు. అద్దాలకు తరుగు లేదు. 8,000 బానెట్టులో 2,800, 6,000 బంపరులో 3,000, చిన్న కారుకు తప్పనిసరి కోత 1,000, అంటే 6,800 మన జేబు నుంచే. పెయింటు లెక్క వేరే. జీరో డిప్ తీసుకున్నవాళ్ళకు తరుగు బాధ తప్పుతుంది గానీ, నడిపి కాల్చుకున్న హెడ్డుకు అదీ అడ్డం పడదు. అసలు కారు కదలకుండా బండి మీద ఎక్కించి తెస్తే, ఆ ఖర్చు కింద 1,500 రూపాయల దాకా మామూలు పాలసీయే ఇస్తుంది. ఈ సంగతి ఎందుకో ఎవరూ అడగరు.

కొన్ని కార్లు గుద్దుకోగానే పెట్రోలు పంపును తమంతట తామే ఆపేస్తాయి. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. యజమాని ఇంజిన్ పోయిందని ఏడుపు ముఖంతో, అడిగినంత ఇచ్చి బండి మీద తెస్తాడు. మేస్త్రి ముందు పెట్రోలు వాసన వస్తోందా అని చూస్తాడు. గొట్టాలు బాగున్నాయనుకున్నాక కొన్నింటికి బటన్ నొక్కుతాడు, కొన్నింటికి స్కానర్ పెడతాడు. ఇలాంటి కారు వస్తే ఆయన ముఖం వెలుగుతుంది. రేడియేటరు నుజ్జయినా సరే, దెబ్బ తగిలాక నడవలేదు కనుక లోపల ఇంజిన్ బాగుందని ఆయనకు ముందే తెలుసు.