కిటికీ అద్దం మీద గీతలు

అపోలో నౌకలు చంద్రుడి మీద దిగిన ఆరుసార్లూ పెత్తనం ఒక్కరిది కాదు. కొంత కమాండర్‌ది, కొంత కంప్యూటర్‌ది. ఆ పంపకం చూడాలంటే లూనార్ మాడ్యూల్‌ ఎడమ కిటికీ దగ్గర నిలబడాలి. నిలబడక తప్పదు, అందులో సీట్లు లేవు.

ఆ కిటికీకి ఒకదాని వెనక ఒకటిగా రెండు అద్దాలు. రెండింటి మీదా డిగ్రీల అంకెలతో గీతలు గీసి ఉంటాయి. లోపలి గీత బయటి గీతను సరిగ్గా కప్పేలా కమాండర్ తల సర్దుకుంటే, కన్ను ఉండాల్సిన చోట ఉన్నట్టే. పి-64 అనే దశ మొదలవగానే, అప్పటిదాకా వెల్లకిలా వస్తున్న నౌక లేచి నిటారవుతుంది, కిటికీలోకి నేల వస్తుంది. కంప్యూటర్ ఒక కోణం చూపిస్తుంది. పక్కనున్న పైలట్ దాన్ని పైకి చదువుతాడు. కమాండర్ అద్దం మీద ఆ అంకె గుండా చూస్తే కనబడేదే కంప్యూటర్ దింపబోయే చోటు.

అది నచ్చలేదనుకోండి. కుడిచేతి స్టిక్‌ను టక్కున కదిపి వదిలేయాలి. ముందుకో వెనక్కో అయితే ఒక్కో కదుపుకు అర డిగ్రీ, పక్కలకైతే రెండు డిగ్రీలు గురి జరుగుతుంది. అక్కడికి ఎలా చేరాలన్న లెక్క రెండు సెకన్లకోసారి కంప్యూటరే వేసుకుంటుంది. తాను ఎటు పోదలచిందో యంత్రం ముందే చూపిస్తోంది, మనిషి వద్దనడానికి వ్యవధి ఇస్తోంది. ఈ అమరికలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఇదే. 1969 నవంబర్‌లో అపోలో 12 కమాండర్ పీట్ కాన్రాడ్ ఇలా గురి పలుమార్లు జరిపాడు. చివరికి, అంతకు రెండున్నరేళ్ల ముందు దిగిన సర్వేయర్ 3 నౌకకు సుమారు 160 మీటర్ల దూరంలో దిగాడు.

నేల దగ్గరపడ్డాక పి-66. ఇక్కడ పంపకం ఇంకా సూక్ష్మం. నౌక ఎటు వాలాలో స్టిక్‌తో కమాండర్ చెబుతాడు, ఎంత వేగంగా దిగాలో ఎడమచేతి స్విచ్‌తో చెబుతాడు. ఒక్కో నొక్కుకు సెకనుకు ఒక అడుగు తేడా. ఇంజన్ జోరు మాత్రం కంప్యూటర్‌దే. నౌక వాలితే ఇంజన్ తోపులో కొంత పక్కకు పోతుంది, పైకెత్తే బలం తగ్గుతుంది. ఆ లోటును కమాండర్ అడగకుండానే కంప్యూటర్ ఇంజన్ పెంచి పూడుస్తుంది. కంప్యూటర్ తీసుకెళ్తున్న చోట బండలు కనబడ్డప్పుడు, అపోలో 11 కమాండర్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎత్తు గురించి బెంగ లేకుండా నౌకను ముందుకు జార్చగలిగింది ఇందువల్లే.

మనిషి చెయ్యి పడకుండా దింపే పి-65 కూడా ఉంది. దానితో ఎవరూ దిగలేదు. యంత్రం మీద అపనమ్మకమనుకోను. బండలేవో గుంటలేవో కంప్యూటర్‌కు కనబడవు మరి. దానికి నేల జాడ ఇచ్చేది రాడార్. కాళ్ల నుంచి కిందికి వేలాడే కడ్డీలు జాడ చెప్పేది మనుషులకు. కడ్డీ నేలకు తగిలితే నీలి దీపం వెలుగుతుంది. ఇంజన్ ఆపే బటన్ నొక్కాల్సింది కమాండరే.