చెయ్యెత్తడం వేరు, చెయ్యి చేసుకోవడం వేరు

మానసిక వైద్యుడి గదిలో రోగి వెంట వచ్చిన తల్లో అన్నో చెప్పే మాటలకూ, ఆ తరువాత కేసు షీటులో పడే మాటకూ మధ్య జారిపోయేది తక్కువేమీ కాదు. ‘చెయ్యెత్తాడు’ అంటే కొట్టబోయి ఆగాడని, ‘చెయ్యి చేసుకున్నాడు’ అంటే కొట్టాడని, ‘ఊరికే మీద పడుతున్నాడు’ అంటే అది ఒక్కసారితో పోలేదని తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. అయినా ఈ మూడూ షీటులోకి చేరేసరికి ‘వయొలెంట్’ అనే ఒక్క విశేషణంగా మిగులుతాయి. ఎప్పుడు, ఎవరి మీద, దేనితో, అంతకు ముందు ఏం జరిగింది అన్నవి క్రియతో పాటే వెళ్లిపోతాయి. మాత్ర మింగించడానికి దవడలు పట్టుకుంటే కంచం గోడకు విసిరినవాడూ, చెవిలో వినిపించే గొంతు చెప్పిందని పక్కింటివారి మీదికి కత్తిపీటతో వెళ్లినవాడూ అక్కడ ఒకటే, కానీ మొదటి సందర్భంలో మార్చవలసింది మాత్ర ఇచ్చే తీరు.

చట్టం ఈ విషయంలో వైద్యుడి కలం కన్నా జాగ్రత్తగా ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 89వ సెక్షన్, రోగి తరఫు ప్రతినిధి దరఖాస్తుపై 30 రోజుల వరకు ఆసుపత్రిలో ఉంచడానికి చూడవలసిన వాటిలో, ఇటీవల గాని ఇప్పుడు గాని ఇతరులపై హింసకు దిగడాన్నీ, దెబ్బ తగులుతుందన్న భయం వారికి కలిగించడాన్నీ విడివిడిగా చెప్పింది. షీటులో మాత్రం ఆ భయం చాలాసార్లు వైద్యుడిదే అయి ఉండీ, రోగి గుణంగా నమోదవుతుంది.

మాటను మెత్తబరిస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే దెబ్బలు తినేది ఎక్కువగా నర్సులు, వార్డు బాయ్‌లు. ‘తలుపుకు అడ్డంగా నిలబడితే మోచేత్తో తోశాడు’ అన్న వాక్యం వారికి పనికివచ్చినంతగా ఏ విశేషణమూ పనికిరాదు. హింసకు గల అవకాశాన్ని అంచనా వేసే హెచ్‌సీఆర్-20 అనే పద్ధతిలో 20 అంశాలకు 10 గతానికి సంబంధించినవే కాబట్టి, పాత షీటులోని మాట ఏళ్ల తరబడి లెక్కకు వస్తూనే ఉంటుంది. రాత్రి డ్యూటీలో ఆ మాట చదివిన జూనియర్ డాక్టరు, ముందుజాగ్రత్తగా ఇద్దరు సిబ్బందిని వెంటబెట్టుకుని గదిలోకి వెళతాడు. వారిని చూసి రోగి గబుక్కున కుర్చీలోంచి లేస్తే, అదీ షీటులోకి ఎక్కుతుంది.