సంచకరువు: తెలియని మాట యెదుట బోధకుడు

ఉపోద్ఘాతము

బి.డి. పట్టా చేతికి వచ్చిన తొలి దినములలో మేము ఒక ఆదివారము ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయముపై ప్రసంగించితిమి. పదునాలుగవ వచనములోని 'సంచకరువు' అను మాట మాకు తెలియదు. తెలియదని ఒప్పుకొనుటకు సిగ్గుపడి, దానిని 'సంచి' అనియు 'కరువు' అనియు విరిచితిమి. కరువు కాలములో విశ్వాసికి దేవుడిచ్చు ధాన్యపు సంచియే పరిశుద్ధాత్ముడని గంభీరముగా బోధించితిమి. సంఘము 'ఆమేన్' అనెను. ఆరాధన ముగిసిన తరువాత, పల్నాటి ప్రాంతమునుండి వచ్చి స్థిరపడిన ఒక వృద్ధుడు మమ్మును ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, సంచకరువంటే సంచీ కాదండి, కరువూ కాదండి. పొలం బేరం కుదిరినప్పుడు ముందుగా చేతిలో పెట్టే డబ్బును మా నాయన అట్లా అనేవాడు. ఇక్కడ బయానా అంటారే, అదే" అని మెల్లగా చెప్పెను.

ఆయన దిద్దుబాటు మమ్మును బాధింపలేదు. సంఘము పలికిన ఆ 'ఆమేన్' మాత్రము నేటికిని బాధించుచున్నది. చదువునప్పుడు తెలియని మాట ఎదురైతే అర్థమును ఊహించుట తప్పు కాదు. ఊహను పరీక్షింపకయే ప్రసంగపీఠము ఎక్కించుట తప్పు. ఈ భేదమును పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

1. సందర్భము చెప్పు అర్థము

నేరేడ్‌మెట్‌లో మేము నడిపించు వారపు బైబిలు పఠన కూటములో రెండు తరములు కూర్చుండును. పల్లెలలో పుట్టి పెరిగిన పెద్దలు ఒక ప్రక్కన, ఇంగ్లీషు మీడియములో చదివిన వారి మనుమలు మరియొక ప్రక్కన ఉందురు. ఒకనాడు మార్కు 1:35 చదువుచుండగా 'పెందలకడ' అను మాట వచ్చినది. 'కడ' అనగా దగ్గర గనుక, యేసు 'పెందల' అను స్థలమునొద్ద లేచెనని ఒక యౌవనస్థుడు చెప్పెను. ప్రక్కనున్న బాలిక అదే వచనమును ఇంకొంచెము ముందుకు చదివి, అప్పటికి ఇంకను చీకటిగా ఉన్నదని అక్కడనే వ్రాయబడినది గనుక అది స్థలము కాదు, వేళ అని పట్టుకొనెను. ఆ బాలిక నిఘంటువు తెరువలేదు, వాక్యమును చివరివరకు చదివెను. ఇది మొదటి సూత్రము.

అయితే సందర్భము అన్ని వేళల పూర్తి అర్థము నియ్యదు. రూతు గ్రంథము రెండవ అధ్యాయములోని 'పరిగె'ను మా యౌవనస్థులు మొదట 'పరుగు' అనుకొనిరి. కథ చదివిన కొలది, రూతు కోతవారి వెనుక నడచుచు ఏదో ఏరుకొనుచున్నదని గ్రహించిరి. మెదక్ ప్రాంతపు ఒక అమ్మ నవ్వి, "పరిగె ఏరినోళ్లం మేమే గద అయ్యగారూ. కోసినంక చేన్ల రాలిన కంకులు. ఆసామి సూసి ఊకుంటెనే ఏరేది" అనెను. మాట అర్థముతోపాటు, ఆసామి దయపై బ్రదికిన ఆకలి కూడ ఆమె నోట వినబడెను. తరువాత లేవీయకాండము 19:9-10 తెరిచితిమి. అక్కడ పరిగెను బీదలకును పరదేశులకును విడిచిపెట్టుమని దేవుడే ఆజ్ఞాపించెను. ఆమె ఎరిగినది ఆసామి దయ. ధర్మశాస్త్రము చెప్పినది బీదల హక్కు. సందర్భము, సంఘ సభ్యురాలి అనుభవము, మరియొక వాక్యభాగము కలిసినప్పుడే 'పరిగె' మాకు పూర్తిగా అర్థమైనది.

2. పదమును విరుచుటలోని మేలు, కీడు

పదమును విరిచి అర్థము తెలిసికొనుట కొన్ని చోట్ల చక్కగా పనిచేయును. మార్కు 10:45లోని 'విమోచన క్రయధనము' అను సమాసమును విడదీసినచో, విడిపించుటకు చెల్లించు వెల అని ఎవరైనను చెప్పగలరు. అదే పద్ధతి 'సంచకరువు' దగ్గర మమ్మును గోతిలో పడవేసినది. ఏలయనగా అది సమాసము కాదు. సంస్కృత 'సత్యంకారము' తెలుగు నోట మారి వచ్చిన రూపమిది. మాట నిజమని రూఢిపరచుట దాని మూలార్థము.

ఇక్కడను జాగ్రత్త అవసరము. పదము పుట్టుకయే దాని అర్థమని భావించుట పొరపాటని జేమ్స్ బార్ 1961లో ప్రచురించిన 'ది సెమాంటిక్స్ ఆఫ్ బిబ్లికల్ లాంగ్వేజ్' గ్రంథములో గట్టిగా వాదించెను. మన ఊరి పేరే చూడుడి. నేరేడ్‌మెట్ అను పేరులో నేరేడు వినబడుచున్నది. అంతమాత్రమున ఇక్కడ చిరునామా వెదకువాడు నేరేడు చెట్టుకొరకు చూడడు. పదము పుట్టుక సాక్షులలో ఒకటి మాత్రమే. వాడుక దానితో ఏకీభవించినప్పుడే ఆ సాక్ష్యమును అంగీకరింపవలెను. 'సంచకరువు' విషయములో ఆ వృద్ధుని తండ్రి వాడుక దానితో ఏకీభవించుచున్నది.

3. వాక్యమును వాక్యముతో పోల్చుట

'సంచకరువు' అను మాట మన తెలుగు బైబిలులో 2 కొరింథీ 1:22లోను, 5:5లోను, ఎఫెసీ 1:14లోను కనబడును. మూడు చోట్లను గ్రీకు మూలము 'అర్రబోన్'. ఇది సెమిటిక్ భాషలనుండి గ్రీకులోనికి వచ్చిన వర్తక పదము. ఆదికాండము 38:17-20లో యూదా తామారునకు ఇచ్చినదానిని గూర్చి సెప్టువజింతు వాడిన మాటయు ఇదే. అయితే మన అనువాదకులు అక్కడ 'కుదువ' అని వ్రాసిరి.

ఈ భేదము చిన్నది కాదు. కుదువ పెట్టిన వస్తువు బాకీ తీరగానే తిరిగి రావలెను. అందుకే యూదా మేకపిల్లను పంపి తన ముద్రను, దారమును, కఱ్ఱను తిరిగి తెప్పించుకొన చూచెను. సంచకరువు తిరిగి పోదు. అది వెలలో మొదటి భాగము. మిగిలినది చెల్లింతునని ఇచ్చినవానిని కట్టిపడవేయును. పౌలు మాటను 'కుదువ' అని చదివినచో, స్వాస్థ్యము చేతికి వచ్చిన దినమున ఆత్మను తిరిగి అప్పగింపవలసి వచ్చును! 'సంచకరువు' అని చదివినచో, రాబోవు మహిమలో కొంత ఇప్పుడే మన చేతిలో ఉన్నది. మిగిలినదానికి దేవుడే బద్ధుడైయున్నాడు. మరణశయ్యపై నున్న విశ్వాసికి మనమేమి చెప్పుదుము అనునది ఈ రెండు మాటల మధ్య నిలిచియున్నది.

4. మన శిక్షణపై ఒక విమర్శ

నేటి మన విద్యార్థులలో అనేకులు 'అర్రబోన్' రూపమును తడుముకొనక చెప్పుదురు. దానికి అర్థమేమని అడిగినచో 'గ్యారంటీ' అందురు. చేతిలోనున్న తెలుగు బైబిలులోని మాటను మాత్రము వివరింపలేరు. గ్యారంటీ ఒక కాగితము కావచ్చును; సంచకరువు చేతిలో పడిన సొమ్ము. మన పూర్వ అనువాదకులు ఎంచుకొనిన మాటను పాతదని దాటిపోయి, అంతకంటె పలుచనైన మాటను పరభాషనుండి తెచ్చుకొనుచున్నాము. గ్రీకు నేర్చుట మంచిదే. అయితే సంఘము చదువునది తెలుగు. బ్రౌన్ నిఘంటువు (1852), బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరము' (1885) ప్రసంగము సిద్ధపరచు బల్లపై ఉండవలసినవి. నేడు సెల్‌ఫోనులోనే చూడవచ్చును.

పాత మాటలను తొలగించి వాడుక మాటలు పెట్టిన చాలదా అని కొందరు అడుగుదురు. వాడుక భాషా అనువాదములు అవసరమే; మేము వాటిని కూటములో ప్రక్కన ఉంచుకొని పోల్చుచున్నాము. అయితే ఏ అనువాదమైనను ఎవరో ఒకరికి తెలియని మాటను మిగుల్చును. కనుక మాటను మార్చుటతోపాటు చదువరికి వెదకుట నేర్పవలెను.

ముగింపు

అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయములోని ఐతియొపీయుడు గొప్ప అధికారి. అయినను తాను చదువుచున్నది త్రోవ చూపువాడు లేక తెలియదని ఫిలిప్పుతో ఒప్పుకొనుటకు సిగ్గుపడలేదు. ఆ ఒప్పుకోలునుండియే అతని బాప్తిస్మమునకు దారి తెరువబడెను. మేము ఆనాడు దాచినది అదియే.

ఇప్పుడు మా కూటములో తెలియని మాట వచ్చినప్పుడు మొదట మేమే "ఇది మాకు తెలియదు, ఎవరికైనా తెలుసునా?" అని అడుగుచున్నాము. తరువాత వచనమంతయు చదువుదుము, ఇతర వాక్యభాగములు తెరతుము, నిఘంటువు చూతుము. పలుమారులు మొదటి జవాబు వెనుక బల్లపైనున్న ఒక ముసలమ్మనుండి వచ్చును. దాని తరువాత వచ్చు 'ఆమేన్' విని మేము నిశ్చింతగా ఇంటికి పోవుచున్నాము.