ఫ్యూచురా: కంటికి తలవంచిన జ్యామితి

1969 జూలైలో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద ఒక లోహపు ఫలకం వదిలి వచ్చారు. దాని మీది మాటలు ఫ్యూచురా అనే టైపులో ఉన్నాయి. అప్పటికే ఆ అక్షరాలకు నలభై ఏళ్లు దాటాయి. జర్మనీలో పాల్ రెన్నర్ గీయగా, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బావర్ టైప్ ఫౌండ్రీ వాటిని 1927లో విడుదల చేసింది.

ఆ రోజుల్లో జర్మన్ పుస్తకాలు చాలావరకు ఫ్రాక్టూర్ అనే కోణాల పాత లిపిలోనే వచ్చేవి. రెన్నర్ ఆ హంగులన్నీ పక్కనపెట్టి వృత్తం, త్రిభుజం, చతురస్రాలనే నమ్ముకున్నాడు. గీతల చివర ఉండే చిన్న తోకల్ని, అంటే సెరిఫ్‌లను, తీసేశాడు. తొలి నమూనాల్లో ఇంగ్లీషు చిన్నబడి ఆర్ అంటే ఒక నిలువు గీత, పక్కన ఒక చుక్క, అంతే! చూడముచ్చటగా ఉన్నా చదవడానికి ఇబ్బంది. అలాంటి ప్రయోగాలు చివరికి నిలవలేదు.

నిలిచినదాని వెనుక ప్రాచీన రోమన్ శాసనాల కొలతలున్నాయి. పెద్దబడిలో ఓ విశాలంగా, ఈ, ఎఫ్, ఎల్ సన్నగా ఉంటాయి. కొత్తదనానికి పునాది పాతదే.

అసలు పనితనం దగ్గరికెళ్లి చూస్తేనే తెలుస్తుంది. గీతలన్నీ ఒకే మందంలో ఉన్నట్టుంటాయి గానీ ఉండవు. సమాన మందంతో గీస్తే అడ్డగీత నిలువుగీత కన్నా లావుగా కనబడుతుంది. అందుకే దాన్ని కాస్త పలచన చేస్తారు. బి, డి అక్షరాల్లో గుండ్రని భాగం నిలువుగీతను తాకేచోట సన్నబడుతుంది. లేకపోతే అక్కడ సిరా ముద్దకట్టినట్టు కనిపిస్తుంది. పెద్దబడి ఏ కొన మిగతా అక్షరాల కన్నా కొంచెం పైకి పొడుచుకొస్తుంది. సమంగా ఆపితే పొట్టిగా అనిపిస్తుంది. వృత్తలేఖిని గీసినట్టు కనిపించేదంతా నిజానికి కన్ను దిద్దినదే.

1933లో నాజీలు రెన్నర్‌ను అరెస్టు చేశారు, మ్యూనిక్‌ ముద్రణ పాఠశాల పదవి నుంచి తొలగించారు. అక్షరాలు మాత్రం దేశాలు దాటాయి. 1960 దశకపు ఫోక్స్‌వాగన్ ప్రకటనలు, బార్బరా క్రూగర్ కళాకృతులు, 2009 దాకా ఐకియా క్యాటలాగులు అన్నీ ఫ్యూచురాను, దాని రూపాంతరాలను వాడుకున్నవే.

అలాగని ఇది అన్నిచోట్లా పనికొస్తుందని కాదు. చిన్నబడి ఏ, ఓ దాదాపు ఒకేలా ఉంటాయి కనుక చిన్న సైజులో పేజీలకు పేజీలు చదివితే కళ్లు అలసిపోతాయి. శీర్షికలకు, పోస్టర్లకు, బోర్డులకు మాత్రం దీనికి సాటి తక్కువ.

డీటీపీ చేసేవారికి ఒక మాట. జాగా నిండలేదని ఫ్యూచురాను అడ్డంగా సాగదీయకండి. గుండ్రని ఓ కోడిగుడ్డవుతుంది, దిద్దిన మందాలన్నీ చెడిపోతాయి. సైజు మార్చండి, అక్షరాల మధ్య ఖాళీ పెంచండి. ఆకారం జోలికి మాత్రం వెళ్లకండి.