తెరమీది పువ్వు, బల్లమీది ఇనుము

దుర్గి పేరు చెప్పగానే ఎవరికైనా రాతిశిల్పాలు జ్ఞాపకం వస్తాయి. అక్కడి మెత్తని రాతిమీద ఉలితో చేసే చెక్కడానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే ఆ ఊళ్ళో రాతిని చెక్కేవారితో పాటు ఇనుమును చెక్కేవారు కూడా ఉన్నారు. బోరు పంపుల షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు, రాతికోత యంత్రాల ఫ్లాంజీలు తయారుచేసి, అరిగిపోయినవాటిని బాగుచేసి ఇచ్చే లేతు షాపులవారు వీరు. వీరిని గురించి వ్రాసేవారు తక్కువ.

అటువంటి షాపు యజమాని ఒకరు, మా పూర్వ విద్యార్థి తండ్రి, కొంత అప్పుచేసి కంప్యూటరు కంట్రోలుతో నడిచే పాత మిల్లింగు యంత్రాన్ని ఒకదానిని కొన్నారు. యంత్రం వచ్చిన నెలకే దానికి తగిన కామ్ సాఫ్ట్‌వేరు కూడా కొనుమని పట్నంనుంచి ఒక ఏజెంటు వచ్చి ప్రదర్శన ఇచ్చి వెళ్ళాడు. సాఫ్ట్‌వేరు ధర విని ఆయన నా దగ్గరకు వచ్చారు.

“మాష్టారూ, తెరమీద పద్మం గీసి, దాన్ని చెక్కే తీరు కూడా చూపించాడండి. కళ్ళు చెదిరిపోయాయి. ఇది కొంటే మీకిక పనివాడే అక్కరలేదన్నాడు. నిజమేనంటారా?”

ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పడం కష్టం. నాటకాన్నీ గ్రంథాన్నీ గుణదోషాలు ఎంచి విమర్శించినట్లే, మనిషి చేసిన పనిముట్టును కూడా విమర్శించవలసి ఉన్నది. పైగా గ్రంథం నచ్చకపోతే ప్రక్కన పెట్టవచ్చును. అప్పుచేసి కొన్న పనిముట్టును అలా ప్రక్కన పెట్టడం సాధ్యం కాదు.

మొదట ఈ సాఫ్ట్‌వేరు చేసే పని ఏమిటో చూద్దాం. దానికి మనం వస్తువు ఆకారాన్ని, కట్టరు కొలతలను, వేగాలను ఇస్తాము. కట్టరు ఏ దారిన నడిస్తే ఆ ఆకారం మిగులుతుందో అది లెక్కగట్టుతుంది. ఇది మొదటి మెట్టు. ఆ దారిని యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా, అనగా జీ-కోడుగా, మార్చి వ్రాయడం రెండవ మెట్టు. ఈ రెండవ పని చేసే భాగాన్ని పోస్ట్ ప్రాసెసరు అంటారు. దీనిని మనం దుబాసీ అనుకోవచ్చును. ఒకే దారిని ఒక కంపెనీ కంట్రోలుకు ఒక విధంగానూ, మరొక కంపెనీ కంట్రోలుకు మరొక విధంగానూ చెప్పవలసి ఉంటుంది. యంత్రాలన్నీ జీ-కోడే మాట్లాడినా, ఒక్కొక్కదాని యాస వేరు.

ఈ విభజన నేటిది కాదు. అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 1952లో అంకెల ఆజ్ఞలతో నడిచే మిల్లింగు యంత్రాన్ని ప్రదర్శించారు. ఆ అంకెలను చేతితో లెక్కగట్టడం బహు శ్రమ. ఆ శ్రమ తగ్గించడానికి డగ్లస్ రాస్ నాయకత్వాన ఏపీటీ అనే భాషను నిర్మించి 1959లో పత్రికలవారికి చూపారు. ఆ సందర్భంగా అతిథులకు ఆ పద్ధతిలో మలచిన అల్యూమినియం బూడిదగిన్నెలను బహూకరించారు. కట్టరు దారిని లెక్కించే భాగం ఒకటి, దానిని ఆయా యంత్రాల ఆజ్ఞలుగా మార్చే భాగం వేరొకటి అన్న ఏర్పాటు ఏపీటీలోనే ఉన్నది. ఆ గిన్నె అందరి కంటా పడింది. దుబాసీ మాత్రం ఎవరి కంటా పడలేదు. నేటి ప్రదర్శనలలోనూ జరుగుతున్నది ఇదే. తెరమీద మనకు కనిపించేది చాలావరకు మొదటి మెట్టు. మన యంత్రం నడిచేది రెండవ మెట్టు మీద.

ఇక ఆ ప్రదర్శన విషయానికి వద్దాం. షాపులో ఏడాది పొడుగునా జరిగే పని ఫ్లాంజీలు, బ్రాకెట్లు, చావిగాళ్ళు. ఏజెంటు చూపినది పద్మం. పద్మం వంటి వంపు ఉపరితలాలను చెక్కే భాగానికి ధర ఎక్కువ. చదునైన పనికి, రంధ్రాలకు, గుంతలకు కావలసిన భాగానికి ధర తక్కువ. కనుక ప్రదర్శనకు మన జాబునే, మన డ్రాయింగుతోనే ఇవ్వాలని షాపు యజమానికి చెప్పాను. ఆయన ఆ సలహా పాటించి, ఒక ఫ్లాంజీ డ్రాయింగు ఇచ్చారు. నడుమ కేంద్రం, చుట్టూ 120 మిల్లీమీటర్ల వ్యాసంగల వృత్తంమీద ఆరు రంధ్రాలు.

తెరమీద ఆరు రంధ్రాలూ ముచ్చటగా పడ్డాయి. కోడు యంత్రంలోకి ఎక్కించి, బల్లమీద జాబు లేకుండా, స్పిండిలును పైకెత్తి గాలిలో నడిపించి చూశాము. యంత్రం ఒకేచోట ఆరుసార్లు సన్నగా వణికి ఆగిపోయింది!

కారణం వెదకితే ఒక చుక్క. మొదటి రంధ్రం స్థానం ఎక్స్ 60 అని కోడులో ఉన్నది. ఆ అంకె తరువాత దశాంశ బిందువు లేదు. పాతరకపు కంట్రోళ్ళు కొన్ని, బిందువు లేని అంకెను మిల్లీమీటర్లుగా కాక మైక్రానులుగా చదువుతాయి. అప్పుడు 60 మిల్లీమీటర్లు కాస్తా 0.060 మిల్లీమీటరు అవుతుంది. తేడా వెయ్యి రెట్లు. ఆరు రంధ్రాలూ కేంద్రం చుట్టూ వెంట్రుకవాసి దూరంలోకి కుదించుకుపోయాయి. దుబాసీ వేరొక కంట్రోలు యాసలో మాట్లాడాడు, అంతే. తెరమీది బొమ్మలో ఏ తప్పూ లేదు. తప్పు లేని బొమ్మనుంచి పనికిరాని ఆజ్ఞ పుట్టవచ్చునన్నదే ఇక్కడి పాఠం. మన అదృష్టంకొద్దీ ఈ తప్పు కదలికను తగ్గించింది. మిల్లీమీటరుకూ అంగుళానికీ మధ్య పొరపాటు పడితే కదలిక 25.4 రెట్లు పెరగవచ్చును. అప్పుడు విరిగేది కట్టరుతో ఆగదు.

ఇదే ఫ్లాంజీకి చేతితో కోడు వ్రాయడం ఎంత పని? వ్యాసార్ధం 60. మొదటి రంధ్రం ఎక్స్ 60, వై సున్న. 60 డిగ్రీలు తిరిగితే ఎక్స్ 30, వై 51.962. తక్కినవి వీటినే గుర్తులు మార్చి వ్రాసుకోవచ్చును. పదవ తరగతి త్రికోణమితి చాలును. చేతితో నాలుగు జాబులకు కోడు వ్రాసినవాడు, సాఫ్ట్‌వేరు ఇచ్చిన కోడులో చుక్క లేకపోతే చూడగానే పట్టుకుంటాడు. వ్రాయనివాడు తెరను నమ్ముతాడు.

బొమ్మకు తెలియనిది మరొకటి కూడా ఉన్నది, లోహం. 10 మిల్లీమీటర్ల కట్టరుతో మెత్తని ఉక్కును కోస్తున్నామనుకొందాం. హైస్పీడు స్టీలు కట్టరు అంచు నిమిషానికి సుమారు 25 మీటర్లు నడవవచ్చును. అప్పుడు స్పిండిలు చుట్లు నిమిషానికి దాదాపు 800. కార్బైడు కట్టరైతే 100 మీటర్లు తీసుకోవచ్చును. అప్పుడు చుట్లు దాదాపు 3,200. నాలుగు పళ్ళ కట్టరులో పంటికి 0.05 మిల్లీమీటరు చొప్పున కోస్తే ఫీడు మొదటి దానికి నిమిషానికి 160 మిల్లీమీటర్లు, రెండవదానికి సుమారు 640. పొరపాటున హైస్పీడు కట్టరుకు కార్బైడు అంకెలు ఇస్తే తెరమీద జాబు అంత అందంగానూ పూర్తవుతుంది. బల్లమీద మాత్రం కట్టరు నీలమెక్కి మొద్దుబారిపోతుంది. లేతుమీద ఇరవై ఏళ్ళు పనిచేసినవాడు చప్పుడును బట్టి, ఇనుప చుట్టల రంగును బట్టి ఈ సంగతి గ్రహిస్తాడు. “పనివాడే అక్కరలేదు” అన్న మాట ఇక్కడ తేలిపోతున్నది. సాఫ్ట్‌వేరు అడిగే అంకెలకు జవాబు చెప్పవలసినవాడు ఆ పనివాడే.

ఇంతమాత్రాన కామ్ వ్యర్థమని నా అభిప్రాయం కాదు. అనేక మూలలున్న గుంతను తొలిచేటప్పుడు మూలమూలకూ కట్టరు మీద భారం పెరుగుతుంది. ఆ భారాన్ని సమంగా ఉంచే దారిని లెక్కించడం మనిషి చేతిపని కాదు. అట్లే ఆ పద్మం సంగతి చూడండి. 200 మిల్లీమీటర్ల చదరపు ఇత్తడి అచ్చుమీద, 6 మిల్లీమీటర్ల గుండ్రటి మొన కట్టరుతో, ఒక మిల్లీమీటరు ఎడంగా గీతలు నడిపితే మొత్తం దారి 40 మీటర్లు. నిమిషానికి మీటరు చొప్పున 40 నిమిషాల పని. గీతల నడుమ మిగిలే గట్ల ఎత్తు, చదునైన చోట, సుమారు 0.04 మిల్లీమీటరు. ఎడాన్ని సగం చేస్తే గట్లు నాలుగవ వంతుకు తగ్గుతాయి, కాలం రెట్టింపవుతుంది. ఎంత నునుపు చాలును, ఎంత కాలం గిట్టుబాటు అన్న బేరాన్ని ఇలా ముందుగానే లెక్కవేసుకొనగలగడం ఈ విద్యకు ఘనత. కాని ఆ గీతలను ఎక్కడ ఆపి ఆకురాయి చేతబట్టాలో నిర్ణయించేది పనివాడే. అన్నట్లు, ఇదే యంత్రంమీద రాయి చెక్కుదామనుకొనేవారికి ఒక హెచ్చరిక. రాతిదుమ్ము ఇనుపపని యంత్రం జారుదారులను ఆకురాయివలె అరగదీస్తుంది.

ఇక కొనుగోలు. హెచ్ఎంటీ లేతును ఒకసారి కొంటే అది కొడుకు కాలానికి కూడా మిగులుతుంది. సాఫ్ట్‌వేరు అటువంటిది కాదు. ఆటోడెస్కు సంస్థ 2016లో తన ఉత్పత్తులలో చాలావాటికి కొత్త శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి చందా పద్ధతికి మారింది. చందా కట్టినన్నాళ్ళే పనిముట్టు మనది. అదే సంస్థ ఫ్యూజన్‌కు వ్యక్తిగత వాడకం పేర ఒక ఉచిత రూపమున్నది. 2020 అక్టోబరులో దానికి కత్తెర పడింది. కోత లేని చోట వేగంగా కదలవలసిన కట్టరు కూడా కోత వేగంతోనే కదలవలసి వచ్చింది. అదిగాక ఆ రూపం జీవనోపాధికి నడిపే షాపులకు ఉద్దేశించినది కాదు. ఉచితమని దానిమీద వ్యాపారం కట్టుకొనడం ఇసుకమీద గోడ కట్టడమే.

నిజంగా ఉచితమైనది ఫ్రీకాడ్. 2024 నవంబరులో వెలువడిన దాని 1.0 రూపంలో కామ్ విభాగం ఉన్నది. మూలకోడు అందరికీ తెరచి ఉన్నది. దుబాసీ భాగం పైథాన్ భాషలో ఉంటుంది గనుక, మన కాలేజీలో చదివిన కుర్రవాడు కూడా చుక్క పడేటట్లు దానిని దిద్దుకొనగలడు. దోషాలు లేకపోలేదు. మెనూల అమరిక కొత్తవారిని తికమకపెడుతుంది, చిక్కు వచ్చినప్పుడు ఫోనుచేసి అడగడానికి ఏజెంటు ఉండడు. కాని నేర్చుకొనడానికి చందా గడువు తరుముకురాదు. చదునైన పని చేసే చిన్న షాపు మొదటి సంవత్సరం దీనితో గడిపి, ఏది చాలదో తెలిసిన తరువాత ఆ చాలనిదాన్ని మాత్రమే డబ్బుపెట్టి కొనడం మేలని నా నమ్మకం.

చివరగా నేర్పే విషయం. హైదరాబాదు బాలానగరులో 1968లో నెలకొన్న కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వంటి శిక్షణాలయాలు మనకు ఉన్నాయి. అయినా పట్టణాలలో సర్టిఫికెట్ల కోసం జరిగే తరగతులు అనేకం ఏ బటను ఎక్కడ ఉన్నదో నేర్పి సరిపెడుతున్నాయి. బటన్లు ప్రతి రూపంలోనూ చోటు మారుతాయి. కోడు చదవడం, వేగాలు లెక్కగట్టడం, గాలిలో నడిపి చూడడం మారవు. తప్పు మా వంటి ఉపాధ్యాయులది కూడా. ఫీడు, డెప్తు, స్పిండిలు అని షాపువారు రోజూ పలికే మాటలతోనే ఈ విద్యను తెలుగులో వ్రాయవచ్చును. మేము వ్రాయలేదు. అందుచేతనే అనుభవమున్న తండ్రి ఇంగ్లీషు మెనూ చూసి వెనుకకు జరుగుతున్నాడు, అనుభవం లేని కొడుకు ఒక్కడే తెరముందు కూర్చుంటున్నాడు.

దుర్గి షాపులో ఇప్పుడు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నారు. కొడుకు దారి గీస్తాడు, తండ్రి వేగం చెబుతాడు, కోడును ఇద్దరూ చదువుతారు. ఖరీదైన సాఫ్ట్‌వేరు ఇంకా కొనలేదు. ఏజెంటు మళ్ళీ ఫోను చేశాడట.

“మా యంత్రానికి చుక్క పెట్టే దుబాసీని వ్రాతపూర్వకంగా ఇస్తానంటే రమ్మన్నానండి” అని ఆయన చెప్పారు. కొనేవారందరూ అడగవలసిన మొదటి ప్రశ్న అదే.