అల్పజీవి భయము

దారిద్ర్యమే నియంతలను గద్దె నెక్కించునని పలువురు సులభముగా సూత్రీకరింతురు. హాన్స్ ఫలాడా 1932లో వెలువరించిన జర్మను నవల 'చిన్నమనిషీ, ఇప్పుడేమి?' ఆ సూత్రమును సవరించుచున్నది. 1928లో నూటికి మూడు వోట్లైనను పొందని నాజీపక్షమునకు 1932 జూలైలో 37 లభించినవి. ఆ యేట నిరుద్యోగులు సుమారు 60 లక్షలు. అయినను పని పోయిన కార్మికులలో పెక్కురు కమ్యూనిస్టులవైపు మొగ్గిరి. నాజీలకు బలము చిన్న రైతులు, చిల్లర వర్తకులు మొదలగువారినుండి హెచ్చుగా చేకూరెను. ఉన్నది జారిపోవునను భయము లేమికంటె బలవత్తరమయ్యెను.

ఫలాడా చిత్రించినది ఈ భయమునే. కథానాయకుడు పిన్నెబెర్గ్ బట్టలకొట్టులో గుమాస్తా. నెలకింత అమ్మితీరవలెనన్న నిబంధన అతనిని వెంటాడును. కొలువు పోయిన పిదప, అంగడి అద్దము ముందు నిలిచిన అతనిని పోలీసు కాలిబాటనుండి నెట్టివేయును. ఆకలికి లొంగనివాడు ఆ అవమానమునకు క్రుంగిపోవును. రావిశాస్త్రి 'అల్పజీవి' నెరిగిన తెలుగువారికి ఇతడు పరాయివాడు కాడు.

అయితే ఫలాడా ఇల్లాలి అనురాగములో అతనికి ఊరట కల్పించి కథ ముగించెను. అట్టి ఊరట లేనివారు ఎవరిని ఆశ్రయింతురను ప్రశ్న మిగిలిపోయినది. 1933 జనవరి 30న హిట్లరు ప్రధాని అయ్యెను. ఆకలిని వర్ణించుట నేర్చిన కథకులు అవమానమునుగూడ అంత శ్రద్ధతో పరిశీలింపవలసి యున్నది.